ఆదివారం రోబో: తండ్రులకు తిరుగులేని చిట్కాలు

మీ అమ్మాయికో అబ్బాయికో పుట్టినరోజున ఎవరో రోబో కిట్టు బహుమతిగా ఇచ్చారు. కంగారు పడకండి, నేనున్నాను. ఇప్పటికి నాలుగు కిట్లు నా చేత్తో బిగించాను. నాలుగూ ఇంట్లోనే ఉన్నాయి. ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా చెప్పకుండా అంగుళం కదల్లేదు.

ముందు సరుకు చూసుకోండి. చిన్న పెట్టె, రెండు వేల లోపు ఖరీదు. లోపల యాక్రిలిక్ పలక ఒకటి, పసుపు రంగు బీఓ మోటార్లు రెండు, వాటికి రెండు చక్రాలు, ముందుకు ఒరిగిపోకుండా బుల్లి క్యాస్టర్ చక్రం ఒకటి, ఆర్డువినో ఊనో బోర్డు, ఎల్298ఎన్ అనే ఎర్రటి మోటార్ డ్రైవర్, బ్యాటరీ పెట్టె, రంగురంగుల జంపర్ వైర్ల కట్ట, స్క్రూల పొట్లాలు. పెట్టె మీద 'ఎనిమిదేళ్లు పైబడినవారికి' అని ఉంటుంది. మీకు నలభై మూడు. ఎనిమిది పైబడినట్టే కదా! కాబట్టి కిట్టు మీదే. పిల్ల పేరు పెట్టె మీద రాసి ఉంటే అది వట్టి మర్యాద కోసం.

1. పెట్టె మీరే విప్పండి

పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు విప్పండి. పది నిమిషాలు చాలు. మొదట చేతికి తగిలేది మడతపెట్టిన కాయితం. అందులో బొమ్మలేసి ఒకటి, రెండు, మూడు అని వరస చెప్పి ఉంటుంది. దాన్ని విప్పకుండానే టీ గ్లాసు కింద పెట్టండి. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన మనిషికి బొమ్మలు చూపించడమేమిటి?

తరవాత స్క్రూలు. తయారుచేసినవాళ్లు చాదస్తం కొద్దీ పొడుగువి ఒక పొట్లంలో, పొట్టివి ఇంకో పొట్లంలో, నట్లు వేరే పొట్లంలో కట్టి పంపుతారు. అన్నీ కత్తిరించి ఒకే స్టీలు గిన్నెలో పోయండి. మూడు సెంటీమీటర్ల పొడుగువి మోటార్లను పలకకు పట్టి ఉంచడానికి, పొట్టివి ఇత్తడి స్పేసర్లకు. ఇది నాకు మూడో కిట్టు దగ్గర తెలిసింది. మీరు మాత్రం చేతికొచ్చింది దూర్చండి. పొడుగుది పొట్టిదాని చోట దూరిస్తే అవతలివైపు రెండు సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది. ఎవరైనా అడిగితే 'యాంటెన్నా' అనండి.

గిన్నె వంటింటి గట్టు మీద పెట్టడం మంచిది. మా ఇంట్లో ఒక నట్టు పోపుల డబ్బాలో ఆవాల అరలోకి చేరింది. గురువారం పులిహోరలో మా అమ్మ పన్నుకింద పడింది. ఆ రోజు నుంచీ రోబో పని ఏదైనా మొదలుపెడితే ఇంట్లో ఎవరూ దగ్గరికి రారు. ఏకాగ్రతకు ఇంతకన్నా ఏం కావాలి?

2. పిల్లకు ఒక పని అప్పగించండి. ఒక్కటే.

యాక్రిలిక్ పలకకు గీతలు పడకుండా రెండు వైపులా కాయితం అంటించి ఉంటుంది. అది గోరుకు దొరకదు. దొరికినా పోచలు పోచలుగా ఊడుతుంది. ఆ పని పిల్లకివ్వండి. మా అమ్మాయి ఏడో తరగతి, ఓపిక ఎక్కువ. ముప్పావు గంట కూర్చుని పలకకు రెండు వైపులా, మోటార్లు బిగించే టీ ఆకారపు చిన్న ముక్కల అంచులతో సహా, ఒక్క పోచ మిగలకుండా ఒలిచింది. నేను ఈలోగా ఓ కునుకు తీశాను. లేచి చూసేసరికి పలక అద్దంలా ఉంది. అప్పుడు చేతులు చాచి, 'నీ పని అయిపోయింది తల్లీ, ఇక పక్కన కూర్చుని చూడు' అన్నాను. అంతా నువ్వే చేశావని తరవాత చుట్టాలకు చెప్పుకోవడానికి ఆ ముప్పావు గంట బోలెడు.

3. పలక పగిలేదాకా బిగించండి

స్క్రూ బిగిసిందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు 'కిర్రు' మంటుంది. ఇంకో చుట్టు తిప్పండి. 'టక్' మంటుంది. బిగిసింది. రంధ్రం దగ్గర్నుంచి అంచుదాకా సన్నటి చీలిక కనిపిస్తే అది మీ బలానికి గుర్తు. యాక్రిలిక్కు ఇనుములా ఓర్చుకోదు, బలం ఎక్కువైతే విచ్చుకుంటుంది.

చీలికకు ఫెవిక్విక్ ఉంది. ధారాళంగా పోయండి. అద్దంలాంటి పలక మీద తెల్లటి పొగమంచు పట్టినట్టు మరక పడుతుంది. కాయితం ఒలిచిన శ్రమ ఎవరిదో వాళ్లు కాసేపు చూస్తూ ఉంటారు. మీరు చూడకండి. కొంచెం జిగురు మోటారు పళ్ల చక్రాల్లోకి కూడా కారనివ్వండి. ఇకమీదట ఆ మోటారు తిరగదు కనుక అరగడం అన్న సమస్యే ఉండదు.

4. టంకం పెట్టకండి

మోటారు వెనక రెండు రాగి రేకులుంటాయి, కాయితమంత పలచన. వాటికి వైరు టంకం పెట్టాలంటారు. మెలితిప్పి వదిలేయండి, పైన ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు. వేలికి తగిలినప్పుడల్లా వైరు ఊడుతుంది, పెట్టినప్పుడల్లా రేకు వంగుతుంది, అయిదోసారికి రేకే ఊడి చేతికొస్తుంది. అప్పుడు 'చైనా సరుకు' అని గట్టిగా అనండి. ఎదురింటికి వినపడాలి.

ఇక దిశల సంగతి. మోటార్లు రెండూ ఒకదానికొకటి ఎదురుబొదురుగా బిగుస్తాయి, అద్దంలో బొమ్మల్లా. రెంటికీ వైర్లు ఒకే తీరుగా ఇస్తే ఒక చక్రం ముందుకు, ఇంకోటి వెనక్కి తిరుగుతుంది. రోబో ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. మా రెండో కిట్టు ఇలాగే తిరిగింది. చూడ్డానికొచ్చిన మా బావమరిది, 'ఏంటి బావా, ఇది ముందుకెళ్లదా?' అన్నాడు. 'ప్రదక్షిణలు చేస్తోందిరా, గుడి మోడల్' అన్నాను. నోరు మూసుకున్నాడు.

మా అమ్మాయి మాత్రం, 'నాన్నా, ఒక్క మోటారువి రెండు వైర్లు అటుదిటు మార్చి చూద్దామా?' అంది. నిజం చెప్పాలంటే పని అంతే. డ్రైవర్ బోర్డు మీద రెండు స్క్రూలు వదులుచేసి వైర్లు తారుమారు చేస్తే అర నిమిషంలో అయిపోతుంది. కానీ అలా అయిపోతే ఆదివారం మిగతా పూట ఏం చేస్తాం? పైగా పిల్ల చెప్పింది చేస్తే ఇంట్లో మన మాట చెల్లుతుందా? 'నువ్వు వెళ్లి మంచినీళ్లు తీసుకురామ్మా' అనండి. తెచ్చాక ఇంకో గ్లాసు అడగండి.

5. బ్యాటరీ: అంకె పెద్దదైతే బలం పెద్దది

ఇక్కడ కాస్త నిదానించి చదవండి. ఎక్కువ మంది పొరపాటున రోబోను నడిపించేది ఇక్కడే.

పెట్టెలో నాలుగు పెన్ను సెల్లులకు చోటుంటుంది. నాలుగు ఒకటిన్నరలు ఆరు వోల్టులు. కొట్టుకెళ్తే పలకలాంటి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఆరు పెద్దదా, తొమ్మిది పెద్దదా? మరింకేం, తొమ్మిది కొనండి. అది ఓ మల్టీమీటరుకో, పొగ పసిగట్టే అలారానికో సన్నగా కరెంటు ఇస్తూ ఏళ్ల తరబడి బతకడానికి పుట్టింది. రెండు మోటార్లను లాగమంటే దాని వల్ల కాదు. స్విచ్చి వేయగానే చక్రాలు ఒక్క ఉలుకు ఉలుకుతాయి, బోర్డు మీద దీపం ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఉలుకు. మోటారు మొదలయ్యే క్షణాన ఎక్కువ కరెంటు గుంజుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు చచ్చి బతుకుతుంది. ఇంట్లోవాళ్లకు 'ఆలోచిస్తోంది' అని చెప్పండి.

ఆరు వోల్టులే పెడతానని మొండికేస్తే దానికీ ఉపాయం ఉంది. ఎల్298ఎన్ పాతకాలపు చిప్పు. దారిలో సుమారు రెండు వోల్టులు తానే మింగి వేడిగా వదిలేస్తుంది. దాని నెత్తిన ఆ నల్లటి హీట్ సింకు అందుకే. మోటార్లకు మిగిలేది నాలుగు. కొత్త సెల్లులైతే నాలుగుతోనూ లాక్కొస్తుంది, అందుకని పాతవి వాడండి. గోడ గడియారంలోంచి ఒకటి, రిమోట్‌లోంచి రెండు, పాత టార్చిలోంచి ఒకటి. గడియారం ఆగిపోతుంది కనుక మర్నాడు ఆఫీసుకు ఆలస్యమైనా చెప్పడానికి కారణం చేతిలో ఉంటుంది. రిమోట్ పనిచేయదు కనుక అమ్మ సీరియల్ ఆగి, ఇంట్లో అందరూ మీ చుట్టూ చేరతారు. ప్రేక్షకులు లేని రోబో ఎందుకు?

18650 లిథియం సెల్లులతో మాత్రం నేను కూడా వెధవ్వేషాలు వెయ్యను. ప్లస్సూ మైనస్సూ కలిస్తే అది పొగతో ఆగే రకం కాదు. ఈ వ్యాసంలో నేను మంచి మాట చెప్పింది ఇక్కడొక్కచోటే, గుర్తుంచుకుని క్షమించండి.

6. గ్రౌండు అక్కర్లేదు

బోర్డు గ్రౌండు, మోటార్ డ్రైవర్ గ్రౌండు ఒక వైరుతో కలపాలట. కలపకపోతే బోర్డు పంపే సంకేతం డ్రైవర్‌కు అర్థం కాదట. మేముండేది మూడో అంతస్తు. గ్రౌండు ఎక్కడినుంచి తెస్తాం?

వైర్ల రంగుల గురించి కూడా చాదస్తం వద్దు. ఎరుపు ప్లస్సుకు, నలుపు గ్రౌండుకు అని లోకం అంటుంది. అన్నీ ఒకే రంగువి వాడండి. పసుపు బాగుంటుంది, మోటార్లకు జత కుదురుతుంది. రేపు ఏ వైరు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అంటే దాన్ని బాగుచేసే అర్హత మీకొక్కరికే ఉంటుంది. ఆఫీసులో ఫైళ్లు ఇలాగే పెట్టి నేను పదకొండేళ్లుగా బదిలీ తప్పించుకుంటున్నాను.

7. ప్రోగ్రాము ఎక్కకపోతే చరిత్ర చెప్పండి

ప్రోగ్రాము రాయాల్సిన పనిలేదు. ఎవరో వీడియోలో చూపించింది దించుకోండి. అతను ఏ పిన్నుకు ఏ వైరు పెట్టాడో చూడకండి, పాట బాగుంటే చాలు. బోర్డు పేరు తప్పు ఎంచుకోండి, పోర్టు అసలు ఎంచుకోకండి. చవక బోర్డుల మీద సీహెచ్340 అనే చిప్పు ఉంటుంది, దానికి డ్రైవర్ వేయకపోతే కొన్ని కంప్యూటర్లు బోర్డును గుర్తే పట్టవు. వేయకండి. తెర కింద నారింజ రంగులో నాలుగు వరసల తిట్లు వస్తాయి.

అప్పుడు కుర్చీ వెనక్కి వాల్చి మొదలెట్టండి: 'ఆర్డువినో అంటే ఏమనుకున్నావు? 2005లో ఇటలీలో, ఇవ్రెయా అనే ఊళ్లో పుట్టింది. డిజైన్ చదివే పిల్లలకు చవగ్గా, తేలిగ్గా ఉండాలని మేష్టార్లు చేశారు. పేరు ఆ ఊళ్లో వాళ్లు కూర్చునే బారుది. ఆ బారుకు పేరు వెయ్యేళ్ల కిందటి రాజు ఆర్డువినోది. 1002లో ఇటలీకి రాజయ్యాడు...' ఇక్కడికి వచ్చేసరికి పిల్ల ఆవలిస్తుంది. ఆ రాజు రాజ్యమూ ఎక్కువ కాలం నడవలేదు. మన రోబోకూ ఆయనకూ అదొక్కటే పోలిక, అది మాత్రం చెప్పకండి.

8. బండి నడవకముందే నగలన్నీ పెట్టండి

అసలు సత్తా ఇక్కడ బయటపడుతుంది. బుద్ధి తక్కువ వాళ్లు ముందు రెండు చక్రాలూ తిన్నగా నడిచేదాకా ఆగి, తరవాత ఒక్కొక్క సామానే తగిలించి, తగిలించినప్పుడల్లా పరీక్షించి చూసుకుంటారు. ఏది తగిలిస్తే ఏది చెడిందో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అలా తెలిస్తే నెపం ఎవరి మీదకు నెడతాం? అన్నీ ఒకేసారి పెట్టండి.

కొనడానికి హైదరాబాదులో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. చీటీ రాసుకెళ్లకండి. రెసిస్టర్లు కావాలంటే కొట్టతను 'ఎన్ని ఓమ్స్ సార్?' అంటాడు. 'మంచివి ఇవ్వు' అనండి. అతను మిమ్మల్ని ఒకసారి చూసి, పక్కనున్న ఇంజనీరింగ్ కుర్రాడి వైపు తిరుగుతాడు. ఆ కుర్రాడు కొన్నవే మీరూ కొనండి. నేను అలా గ్యాస్ సెన్సార్ ఒకటి, నేలలో తేమ కొలిచేది ఒకటి తెచ్చాను. రోబోకు తేమ సెన్సారెందుకని మా ఆవిడ అడిగింది. వాన పడితే తెలుస్తుందన్నాను.

ఇప్పుడు ఒక్కొక్క నగ సంగతి.

అల్ట్రాసోనిక్ సెన్సార్: ముందుభాగాన రెండు గుండ్రటి వెండి కళ్లలా ఉంటుంది. రోబోకు ముఖం వచ్చేది దీనితోనే. నిజానికి రెండూ కళ్లు కావు, ఒకటి నోరు, ఒకటి చెవి. నోరు మన చెవికి అందని కూత వేస్తుంది, సెకనుకు నలభై వేల కంపనాలు. ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చిన కూతను చెవి వింటుంది, మధ్యలో పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకొస్తుంది. రెండు సెంటీమీటర్ల నుంచి నాలుగు మీటర్ల దాకా చూపు.

మా నాలుగో కిట్టు దసరాకు తయారైంది. మా అమ్మ వాహన పూజలో స్కూటరు పక్కన దాన్నీ పెట్టింది. వెండి కళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చెవిలో పసుపు ముద్ద దూరింది. తరవాత దిష్టి తగలకుండా నల్లదారానికి ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చి, ఎక్కడ కట్టాలో తెలియక ఆ కళ్ల ముందే వేలాడగట్టింది. చక్రాల కింద తలొక నిమ్మకాయ. 'పోనివ్వు నాయనా' అంది.

స్విచ్చి వేశాను. పూజ మహిమో ఏమో, ఆ రోజు మోటార్లు తిరిగాయి! కానీ చక్రం అడ్డకొలత ఆరున్నర సెంటీమీటర్లు, నిమ్మకాయ దాదాపు నాలుగు. ఎక్కలేక అక్కడే గుర్రుమంది. స్కూటరైతే తొక్కేసి పోయేది. నిమ్మకాయలు నేనే తీసేశాను. అయినా రోబో ముందుకు రాలేదు, వెనక్కి వెళ్లింది. ఆగింది. మళ్లీ వెనక్కి. కళ్ల ముందు వేలాడే నిమ్మకాయ దానికి నాలుగు సెంటీమీటర్ల దూరాన గోడ. ఎంత వెనక్కెళ్లినా గోడ దానితోపాటే వస్తోంది. అలా హాలంతా వెనక్కి నడిచి, దేవుడి గదిలోకి వెళ్లి పీట కింద ఇరుక్కుంది. మా అమ్మ దణ్ణం పెట్టుకుంది. 'నాన్నా, ఆ నిమ్మకాయ...' అని మా అమ్మాయి నోరు తెరిచింది. 'నాయనమ్మ నమ్మకాన్ని వెక్కిరిస్తావా?' అని గదిమాను. పెద్దల పట్ల గౌరవం ఇలాంటి వేళల్లో చాలా పనికొస్తుంది.

సర్వో: సెన్సార్‌కు మెడ. ఎస్‌జీ90 తొమ్మిది గ్రాములుంటుంది, లోపల పళ్లు ప్లాస్టిక్కువి. మెడ అటూ ఇటూ తిరుగుతుందో లేదో చేత్తో మెలిపెట్టి చూడండి. లోపల చిన్నగా 'గిరుక్కు' మంటే పళ్లు రాలాయన్నమాట. మా దాని చూపు ఇప్పుడు శాశ్వతంగా ఎడమకు, అలిగిన కోడలిలా.

బ్లూటూత్: హెచ్‌సీ-05. దీన్ని సున్నా, ఒకటి పిన్నులకు పెట్టండి. కంప్యూటరు నుంచి ప్రోగ్రాము ఎక్కే దారీ అదే. రెండూ ఒక సందులో ఎదురుపడ్డ లారీల్లా నిలబడిపోతాయి. ఎక్కించేటప్పుడు బ్లూటూత్ వైర్లు పీకి, తరవాత పెట్టుకుంటే పోతుంది. అందుకే చెప్పడం లేదు. ఇక పేరు, పిన్ను మార్చకండి. కొత్తదానికి పేరు హెచ్‌సీ-05, పిన్ను 1234 అనే ఉంటాయి. ఎదురు ఫ్లాటులో పిల్లవాడికీ ఇలాంటి కిట్టే ఉంది. వాళ్లూ మార్చలేదు. ఓ సాయంత్రం ఫోనులో ముందుకు బాణం నొక్కాను. మా రోబో కదల్లేదు. ఎదురింట్లోంచి 'అమ్మో!' అని కేక, వెంటనే స్టీలు గ్లాసు పడిన చప్పుడు. వెనక్కి బాణం నొక్కాను. మళ్లీ కేక. నాలుగు కిట్లలో నేను చక్కగా నడిపిన రోబో అదొక్కటే. పరాయివాడిదైతేనేం, నడిపింది మనమే.

తెర: పదహారు అక్షరాలు, రెండు వరసల ఎల్సీడీ. ఇక్కడ పిన్నుల లెక్క వస్తుంది. ఊనో బోర్డుకు డిజిటల్ పిన్నులు 14. మోటార్ డ్రైవర్‌కు ఆరు, సర్వోకు ఒకటి, అల్ట్రాసోనిక్‌కు రెండు, బ్లూటూత్‌కు రెండు, గీత చూసే ఐఆర్ సెన్సార్లకు రెండు, బజరుకు ఒకటి. సరిగ్గా పద్నాలుగూ అయిపోయాయి. తెరకు ఇంకో ఆరు కావాలి. మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టి, 'అనలాగ్ అని రాసిన ఆరు ఖాళీగా ఉన్నాయి కదా నాన్నా, వాటినీ అలాగే వాడుకోవచ్చని మా సైన్సు మేడం చెప్పింది' అంది. మేడం చెప్పింది నిజమే. కానీ బోర్డు మీద 'అనలాగ్' అని అచ్చు వేసి ఉంటే మేడం మాట ఎలా నమ్ముతాం? నేను బాగా ఆలోచించి మోటార్ల ఆరు వైర్లూ పీకేసి, ఆ పిన్నుల్లో తెర పెట్టాను.

ఇప్పుడది నీలిరంగు వెలుగులో 'వెల్‌కమ్' అంటుంది. వచ్చినవాళ్లు ఆగి చదువుతారు. నడిచినప్పుడు ఎవరైనా చదివారా?

9. సైన్స్ ఫెయిర్‌లో గెలవడం

రోబో నడవాల్సిన అవసరం లేదని ముందే తెలుసుకోండి. చార్టు కావాలి. థర్మోకోల్, మెరుపు కాయితం, పైన 'అధునాతన బహుళ ప్రయోజన యంత్రమానవుడు' అని అక్షరాలు. ఆ అక్షరాలు కత్తిరించడానికి రాత్రి ఒంటిగంట అయింది, మా ఆవిడే కత్తిరించింది.

పిల్లకు ఒక పేజీ ఇంగ్లీషు రాసిచ్చి కంఠతా పట్టించండి. వ్యవసాయంలో, వైద్యంలో, సరిహద్దు రక్షణలో, అంతరిక్షంలో ఈ రోబో ఎలా ఉపయోగపడుతుందో అందులో ఉండాలి. హాలు దాటి వెళ్లలేనిది చంద్రుడి మీదకు ఎలా వెళ్తుందని ఎవరూ అడగరు.

న్యాయనిర్ణేత వచ్చినప్పుడు చెప్పాల్సినవి వరసగా:

'ఇప్పటిదాకా పనిచేసింది సార్, మీరు రాగానే ఆగింది.'

'బ్యాటరీ దిగిపోయింది సార్, పొద్దున్నుంచీ నడుస్తూనే ఉంది.'

'కిటికీలోంచి ఎండ పడుతోంది సార్.' ఇది చాలా గట్టిది, ఎందుకంటే నిజం. ఎండలో పరారుణ కాంతి ఉంటుంది, గీత వెంబడి నడిచే రోబోల ఐఆర్ సెన్సార్లు దానికి తికమకపడతాయి. నిజమైన సాకు దొరకడం అదృష్టం, మబ్బు పట్టిన రోజు కూడా వాడండి.

ఇవేవీ సాగకపోతే నైలాన్ దారం. క్యాస్టర్ చక్రానికి కట్టి, బల్ల కింద కూర్చుని మెల్లగా లాగండి. లాగేటప్పుడు దగ్గకండి. మొన్న నేను దగ్గాను.

ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఎంపికైతే నమూనా చేసుకోవడానికి పిల్లల పేర పదివేల రూపాయలు వస్తాయి. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలు తమ సొంత ఆలోచన రాసి పంపాలి. సొంత ఆలోచన అన్న మాట చూసి జంకకండి. మీ సొంతం, మీ పిల్ల సొంతం వేరా? కొన్ని బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులని ఉన్నాయి, కేంద్రం ఒక్కోదానికి ఇరవై లక్షల దాకా గ్రాంటు ఇచ్చింది. అక్కడ స్క్రూడ్రైవర్ నేరుగా పిల్లల చేతికే ఇస్తారు, విప్పి చూడమంటారు, తప్పు పెడితే మళ్లీ పెట్టుకోమంటారు. మీ బడిలో ల్యాబు ఉంటే ఆ పీరియడ్‌లో మీ పిల్లకు గణితం ట్యూషన్ పెట్టించండి.

మా అమ్మాయి స్టాలు దగ్గరికి వచ్చిన పెద్దాయన చార్టు చూడలేదు. వంగి రోబోను పరీక్షగా చూసి, ఒక పసుపు వైరు మీద వేలు పెట్టి, 'ఇదెక్కడికి వెళ్తుందమ్మా?' అన్నాడు. 'నాకు తెలీదు సార్. నాన్నకు తెలుసు' అంది. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. నిజానికి నాకూ తెలీదు.

10. మిగిలిన స్క్రూలు

దాచండి. తక్కువ స్క్రూలతో పని కానిచ్చామంటే అది నైపుణ్యం. నా దగ్గర నాలుగు కిట్లవీ కలిపి అరడబ్బా ఉన్నాయి.

11. పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

చాలామంది రోబోను చూసి తెలుసుకోబోతారు. తప్పు, పిల్లను చూడాలి. మొదటి కిట్టప్పుడు మా అమ్మాయి గంటకు ఇరవై ప్రశ్నలు వేసేది. రెండోదానికి వైర్లు మార్చి చూద్దామంది. నాలుగోదాని దగ్గర అనలాగ్ పిన్నుల దాకా వచ్చింది, కాస్త భయపడ్డాను కూడా. కానీ పట్టు విడవలేదు. మంచినీళ్లు తెమ్మన్నాను, గదిమాను, ఆర్డువినో రాజు కథ చెప్పాను. ఓపిక పడితే ఫలితం అదే వస్తుంది.

అయిదో కిట్టు వచ్చి మూడు వారాలైంది. పెట్టె టీవీ కింద ఉంది. దాని మీద మా అమ్మాయి పేరుంది. ఇంతవరకూ విప్పమని ఎవరూ అడగలేదు.